మెత్తటి చక్రాలు

"అవి వద్దమ్మాయ్. వాటి జోలికి పోకు."

నరెల్ తలెత్తి చూసింది.

స్కేటింగ్ రింకుకు ఆనుకుని ఉన్న చిన్న కొట్టు. గోడవారగా బెంచీ. దాని మీద డెబ్బై దాటిన ఒక పెద్దాయన. నిక్కరు, రబ్బరు చెప్పులు, చేతిలో ఫ్లాస్కు మూత నిండా టీ.

అడక్కుండా సలహాలిచ్చేవాళ్లంటే నరెల్‌కి ఒళ్లుమంట. సెలూన్‌లో రోజంతా ఆమె వినేది అవే.

"నాకు నచ్చాయి," అంది గులాబీరంగు స్కేట్లను ఒళ్లోకి తీసుకుంటూ.

"నచ్చుతాయి. కేకులా ఉన్నాయిగా. చీలమండ దగ్గర పట్టుకుని ఓసారి వంచి చూడు."

వంచింది. బూటు చటుక్కున వంగిపోయింది.

"రేపు నీ కాలూ అంతే వంగుతుంది."

కౌంటర్ వెనక నుంచి రొవీనా నవ్వింది. కొట్టూ రింకూ ఆమెవే.

"వీల్స్ చెప్పిన మాట వినమ్మా. ఆయన ఎంచిన జోళ్లు ఇంతవరకు ఒక్కరూ తిరిగి తేలేదు."

వీల్స్! ఓహో, అనుకుంది నరెల్. ఒకప్పుడు ఈ రింకును ఏలిన మొనగాడన్నమాట. కాళ్లు ఆగిపోయాక నోటితో తిరుగుతున్నాడు.

నరెల్‌కి వచ్చే నెలలో యాభై నిండుతాయి. చిన్నప్పుడు అన్నలిద్దరూ ఇదే రింకులో రివ్వున తిరుగుతుంటే, వాళ్ల స్వెట్టర్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పిల్ల. తనూ అలా తిరగాలన్న కోరిక ఇప్పటికైనా తీర్చుకుందామనుకుంది.

ఆ మాట ఇంట్లో అనగానే, ఎర్రజుట్టు వల్ల బెండిగో ఊరంతా సరదాకి 'బ్లూ' అని పిలిచే ఆమె మొగుడు కప్పు కింద పెట్టేశాడు.

"చెయ్యి విరిగితే కత్తెర ఎవరు పడతారు? నేనా? రెండో రోజుకి ఊళ్లో సగం మంది గుండ్లతో తిరుగుతారు."

నవ్వుతూ అన్నా నిజమే అన్నాడు. నడుం నొప్పితో అతని లారీ ఆగిపోయి రెండేళ్లయింది. ఆ ఇల్లు నరెల్ చేతుల మీదే నడుస్తోంది.

"తొమ్మిదో సైజు ఇవ్వు రొవీనా. ఎనిమిది బిగుతుగా ఉంది," అంది నరెల్.

"ఉండదా మరి? చెప్పులేసుకుని వచ్చి, ఈ కొట్టు బుట్టలో ఉన్న మందపాటి ఫుట్‌బాల్ మేజోళ్లు ఎక్కించావు," అన్నాడు వీల్స్. "చలికాలం మేజోళ్లతో కొలిచి ఎండాకాలం ఎక్కితే కాలు బూటులో ఈత కొడుతుంది. పల్చటివి తొడుక్కో. మోకాళ్లు వంచు. మడమ లేస్తోందా?"

"లేదు."

"అయితే అదే నీ సైజు."

చివరికి ఆయన చేతికిచ్చినవి నల్లటి తోలు బూట్లు. చూడ్డానికి స్కూలు బూట్లే. చక్రాన్ని వేలితో తిప్పింది. రెండు చుట్లు తిరిగి ఆగింది.

"ఇది తిరగట్లేదేంటి?"

"మెత్తటి చక్రం. నేలని పట్టుకుంటుంది. గిర్రున జారేవి తర్వాత కొనుక్కుందువు గానీ. ఏం పని చేస్తావు నువ్వు?"

"సెలూన్."

వీల్స్ ఒక్క క్షణం ఆమె చేతుల వంక చూశాడు. లేచి, మణికట్టుకు కట్టుకునే గట్టి ప్లాస్టిక్ పట్టీల జత తెచ్చి ఆమె ఒళ్లో పడేశాడు.

"ఇవి లేకుండా ఆ గుమ్మం దాటకు."

"నేనేం యుద్ధానికి వెళ్లట్లేదు!"

"నువ్వు పడతావమ్మాయ్. అందరూ పడతారు. పడేటప్పుడు చెయ్యి వెనక్కి చాపకు. మోకాళ్లు వంచి పక్కకి, పిరుదు మీద పడు. అక్కడ కండ ఉంది, ఈ మణికట్టులో ఎముకే. ఏదీ, ఈ తివాచీ మీద ఓసారి పడు."

"కొట్టులోనా? మీరు పడి చూపించండి ముందు!"

"నేను చూడ్డానికే పుట్టానమ్మా," అన్నాడు నవ్వి.

పొగరు, అనుకుంది నరెల్. అయినా పడింది, ఆయన సరే అనేదాకా ఆరుసార్లు. స్కేట్లూ పట్టీలూ కొనుక్కుని, థాంక్స్ కూడా చెప్పకుండా, గొణుక్కుంటూ వెళ్లిపోయింది.

మూడో వారం, రింకులో ముందున్నామె హఠాత్తుగా ఆగింది. నరెల్ కాళ్లు గాల్లోకి లేచాయి. ఎక్కడినుంచి గుర్తొచ్చిందో, మోకాళ్లు వాటంతటవే వంగాయి. పక్కకి పడింది. అయినా ఎడమచెయ్యి నేలకి తగిలింది. టప్పుమని శబ్దం.

విరిగింది ప్లాస్టిక్ పట్టీ.

సోమవారం పదకొండు మందికి జుట్టు కత్తిరించింది. కత్తెర చప్పుడు విన్న ప్రతిసారీ ఆ పెద్దాయనే గుర్తొచ్చాడు. ఆ రోజు పొగరనుకున్నందుకు సిగ్గేసింది. ఎవరికీ ఇంతగా రుణపడిన గుర్తు లేదామెకు.

శనివారం పొద్దున్నే లేచి, చాక్లెట్‌లో ముంచి కొబ్బరి అద్దిన లామింగ్టన్ కేకులు చేసింది. డబ్బా పట్టుకుని కొట్టుకి వెళ్లింది.

బెంచీ ఖాళీగా ఉంది. దాని మీద ఫ్లాస్కు మాత్రం ఉంది.

"గురువారం పోయారమ్మా. నిద్రలోనే," అంది రొవీనా.

నరెల్ డబ్బా ఫ్లాస్కు పక్కన పెట్టింది.

"థాంక్స్ చెబుదామని వచ్చాను. ఎంత గొప్ప స్కేటరో పేరులోనే ఉంది. ఆ కాళ్ల మీద ఒక్కసారైనా చూడలేకపోయాను."

రొవీనా వింతగా చూసింది.

"వీల్సా? ఆయన జన్మలో కాళ్లకి చక్రాలు కట్టలేదు."

"మరి ఆ పేరు?"

"మీ ఆయన్ని బ్లూ అని ఎందుకంటారు?"

"జుట్టు ఎర్ర కాబట్టి, ఎగతాళికి తిరగేసి..." నరెల్ ఆగిపోయింది. ఇంట్లో పాతికేళ్లుగా పిలుస్తున్న పేరు, ఇక్కడ గుర్తే రాలేదు.

"అయితే ఎలా పడాలో, ఏది విరుగుతుందో, అవన్నీ ఎలా తెలుసు?"

రొవీనా కళ్లు తుడుచుకుంది.

"ముప్పై ఏళ్లు ఈ రింకులో చేతులు విరగ్గొట్టుకున్నవాళ్లని ఆస్పత్రికి తీసుకెళ్లిన అంబులెన్స్ మనిషమ్మా ఆయన, ఇక్కణ్ణించి ఇంకెవర్నీ అలా తీసుకెళ్లకూడదని, రిటైరైన మర్నాడే వచ్చి ఆ బెంచీ మీద కూర్చున్నారు."