ఇరవై ఏడో ఇల్లు

పదకొండున్నరకల్లా ఇరవై ఆరు ఫోన్లు చేయడం అయిపోయింది. జాబితాలో ఒక్క పేరు మిగిలింది. ఫెన్నా.

బడి చివరి పరీక్ష పాసైన వాళ్ళకి ఫోన్ చేస్తే చాలు. తప్పిన వాళ్ళ ఇంటికి మాత్రం క్లాసు టీచరే వెళ్ళి, ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఆ బడి పద్ధతి అది.

"కావాలంటే నేను వెళ్తాను, రూలోఫ్," అంది ప్రధానోపాధ్యాయురాలు, అతని ముఖం చూడకుండా.

"వద్దు. క్లాసు నాది. ఆ అమ్మాయి తప్పింది కూడా నా లెక్కల్లోనే."

సైకిల్ మీద ఎనిమిది నిమిషాల దారి. రూలోఫ్ సైకిల్ని బడిలోనే వదిలేసి నడక మొదలుపెట్టాడు. ఫెన్నా ఇల్లు ఊరి పాత తూర్పు గేటు దగ్గర. అతను పడమటికి తిరిగాడు.

జూన్ ఎండకి డెల్ఫ్ట్ ఊరంతా కాలవ గట్ల మీదే ఉంది. ఒరిగిన చర్చి గోపురం కింద ఆగి, ఇంకెంత ఒరిగిందో కొలుస్తున్నవాడిలా పైకి చూశాడు. వంతెన కింద ఒక నీటికోడి ప్లాస్టిక్ ముక్కలతో గూడు కట్టుకుని పిల్లల్ని పొదువుకుంది. దాన్నీ చాలాసేపు చూశాడు. చూసేవాళ్ళకి సెలవు పెట్టి తీరిగ్గా తిరుగుతున్న మనిషిలా ఉన్నాడు.

ఒక మేడ కిటికీలోంచి జెండా కర్ర బయటికి వచ్చింది. దాని చివర పాత బడిసంచి వేలాడుతోంది. వీధిలో వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ ఇంట్లో పిల్ల పాసైందని దానికి గుర్తు. రూలోఫ్ తల వంచుకుని పక్క సందులోకి తిరిగాడు. అక్కడా ఒక సంచి వేలాడుతోంది.

చౌకులో చేపల బండి నడిపే ట్రూస్ అతన్ని పట్టుకుంది.

"ఏం మాస్టారూ, సైకిల్ అమ్ముకున్నారా? రండి, కొత్త చేప వచ్చింది. ఉల్లిపాయ వెయ్యనా?"

"వెయ్యి."

"మీ క్లాసులో ఎంతమంది గట్టెక్కారు?"

"ఇరవై ఆరు."

"మొత్తం?"

"ఇరవై ఏడు."

ట్రూస్ కత్తి ఆగింది. "అయ్యో. ఆ ఒక్కరికీ చెప్పేశారా?"

రూలోఫ్ చేప అందుకుని ఒక ముక్క కొరికాడు.

"చెప్పలేదా? ఒంటిగంట దాటింది. పొద్దుటినుంచి ఆ పిల్ల ఫోన్ పక్కన కూర్చుని ఉంటుంది, మీరిక్కడ ఉల్లిపాయలు తింటున్నారు. ఎదిగిన మగాడు చేసే పనేనా ఇది?"

రూలోఫ్ సగం చేప తిన్నాడు. మిగిలింది కాగితంలో చుట్టి, ట్రూస్ చూడకుండా కొంగలకి పడేశాడు.

కాలవ మీద ఒక పడవ నిండా కుర్రకారు. అందులో పొడుగ్గా ఉన్న వాడు లేచి నిలబడ్డాడు. వాడు యోరిస్, అతని క్లాసే.

"సార్, పడవలోకి రండి." పక్కవాళ్ళతో అన్నాడు, "నన్ను గట్టెక్కించింది ఈయనేరా. ఎనిమిది గురువారాలు తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పారు. మా నాన్నకే లేదు అంత ఓపిక."

అందరూ నవ్వారు.

"సార్, ఫెన్నా ఫోన్ ఎత్తట్లేదు. ఇంట్లోనే ఉందా?"

"ఉండే ఉంటుంది," అన్నాడు రూలోఫ్. పడవ ఎక్కకుండానే నడక సాగించాడు.

గురువారం సాయంత్రాలు వెనకబడిన వాళ్ళందరినీ కూర్చోబెట్టాడు. ఫెన్నాని పిలవలేదు. ఆ అమ్మాయి చివరి బెంచీలో కూర్చునేది. చెయ్యెత్తి ఒక్క ప్రశ్న అడిగేది కాదు. 'సార్' అని నోరారా పిలిచేది కూడా కాదు. అడగలేదు కాబట్టి వచ్చినట్టే అనుకున్నాడు. చలికాలంలో ఫెన్నా తల్లి మూడుసార్లు అంది, పిల్లకి లెక్కలు ఎక్కడం లేదు, కాస్త కూర్చోబెట్టి చెప్పకూడదా అని. మూడుసార్లూ చూద్దాంలే అన్నాడు. వేరే పిల్లల కాగితాలు దిద్దుతూ, తలెత్తకుండానే అన్నాడు.

జేబులో ఫోన్ మోగింది. ఫెన్నా తల్లి. మోగి మోగి ఆగిపోయింది. బెంచీ మీద కూర్చున్న ముసలాయన, "ఎత్తండి బాబూ, చెవులు పోతున్నాయి," అన్నాడు. రెండోసారి మోగినప్పుడు రూలోఫ్ ఫోన్ కట్టేశాడు.

ఇంకో వంతెన దాటాడు. మరో వంతెన. ఊరు చిన్నది. ఎంత తిప్పినా కాళ్ళు తూర్పు గేటు ముందుకే తెచ్చాయి. అప్పటికి అయిదు కావస్తోంది.

ఆ వీధిలో రెండు ఇళ్ళకి జెండాలు ఎగురుతున్నాయి. ఫెన్నా ఇంటికి ఏమీ లేదు. మేడమీది గదికి తెర వేసి ఉంది. మొహానికి పట్టిన చెమట తుడుచుకున్నాడు. చెప్పాల్సిన మాట లోపల ఇంకోసారి అనుకున్నాడు. తప్పు నీది కాదు, నాది.

రూలోఫ్ గంట నొక్కలేదు, జేబులోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచి, మెట్ల కింద నిలబడి, "కిందికి రామ్మా, నాన్నని," అన్నాడు.