సాదిన కౌజు

“గట్ల కాదు మనుమరాలా. తిట్లు గూడ ఇడువకు, అన్ని రాయి,” అన్నాడు సత్తయ్య తాత.

నవ్య కాయితం మీద కొట్టేసిన తిట్టు మళ్లీ రాసింది. తాత పక్కింటి పోచయ్య సంగతి అందుకున్నాడు.

ఈ ఏడు వానలు లేవు. పోచయ్య కొడుకు శ్రీహరి మగ్గం పనికి మహారాష్ట్రలోని భివండి పోయాడు. నెలలు గడిచినా కబురు లేదు. పోచయ్యకు ఎవరిని చూసినా కోపమే.

తమ ఊరు మేడిపల్లి తుమ్మపొదల్లో కౌజు పిట్టల కూత కూడా ఆగిపోయింది.

గుడ్డ కప్పిన పంజరంలో సాదిన మగపిట్టను పెట్టి కూయిస్తే, అడవి పిట్టలు పోట్లాటకు వచ్చి ఉచ్చుల్లో పడతాయి. బయటి వేటగాళ్లు అలా పొదలన్నీ ఊడ్చుకుపోయారు.

అందుకే, గుడ్డ కప్పిన పంజరంతో ఒక మనిషి బస్సు దిగగానే జనం చుట్టుముట్టారు.

లోపల కౌజు కూసింది.

ఏ ఊరని పోచయ్య నిలదీశాడు. సిరిసిల్ల అన్నాడతను.

“మగ్గాలు బందయినయని మా పిట్టల మీద వడ్డవా?”

“లేదన్నా. గిది గీ ఊరి పిట్టనే. గీడ అప్పజెప్పి పోదామని...”

మాట పూర్తికాలేదు. పోచయ్య అతని చెంప పగలగొట్టాడు. తలా ఒక చెయ్యి వేశారు.

ఇక్కడ తాత గొంతు లేచింది.

“కుక్క గూడ వాసన జూసినంకనే కరుస్తది. ఎవలింటికి అచ్చినవని ఒక్కడు అడుగలే, సిగ్గులేనోళ్లు. రాసినవా?”

రాశానంది నవ్య.

అతను నోటి నెత్తురు తుడుచుకుంటూ ఇంకా ఏదో చెప్పబోయాడు. కోరుట్ల బస్సులోకి నెట్టేశారు. పంజరం గుంజుకుని, పిట్టను పొదల దగ్గర వదిలారు.

అడవి కౌజయితే బుర్రుమని లేచిపోవాలి.

ఇది లేవలేదు. రెక్కలు దులుపుకుని నేల మీదే ఊరి దారి పట్టింది.

పోచయ్య రాయి విసిరాడు. పక్కకు జరిగి, మళ్లీ నడిచింది. జనం నవ్వారు.

అది పోచయ్య వాకిలి దాటి, కోళ్ల గంప కిందికి దూరి కూర్చుంది.

పోచయ్య భార్య మల్లక్క చేతిలోంచి చేట జారిపోయింది.

కోడి కింద గుడ్డు పొదిగించి, చెదలు ఏరి తినిపించి కొడుకు సాదిన పిట్ట అది. భివండి పోయిన రోజు చంకలో పెట్టుకుపోయాడు.

“గాయినె ఏడి?” అంది మల్లక్క. “పిట్టను తెచ్చినాయినె?”

పోచయ్య రోడ్డు దాకా ఉరికాడు. బస్సు లేపిన దుమ్ము కూడా అణిగిపోయింది.

తాత కాయితం అడుగున మిగిలిన జాగా చూపించాడు.

“గీ కాయితం సిరిసిల్లల మీ గీతత్తకు పంపు. మగ్గాల కాడ చదివి వినిపియ్యుమను. గా మనిషి యాడన్న ఉంటే, కొట్టినోళ్ల మొకం జూడకు, గా తల్లికి ఒక్క మాట చెప్పిపో అనుమను... పోరడు ఉన్నడా, లేడా.”