ఓడినవాళ్ల విసనకర్రలు

"చెత్తబండి ఐదింటికొస్తుంది. ఈలోగా ఆ కొట్టు పిల్ల వచ్చి చూసి పనికొచ్చేదేదైనా ఉందంటే ఉంచుకో. మిగతాదంతా బండెక్కాల్సిందే!" అంది ఛాయ్-యున్, చేతులు తిప్పుతూ.

గుమ్మం దగ్గర ఆరు పెద్ద సంచులు వరసగా ఉన్నాయి. వాటి పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద, వాటికి కాపలా ఉన్నట్టు, ఆమె మొగుడు మూ-హువో కూర్చున్నాడు.

"ఇవాళ చెత్తే. ఇరవై ఏళ్లాగు. వీటికోసం జనం ఎగబడతారు."

"ఇరవై ఏళ్లకి నీకు తొంభై మూడు. ఎగబడితే ఏం చేస్తావ్, లేచి లైన్లో నిలబెడతావా?"

అంతలో స్కూటర్ ఆగింది. చియాయీ బజార్లో పాత సామాన్ల కొట్టు నడిపే కో అనే అమ్మాయి లోపలికొచ్చింది. వెల కట్టడంలో ఆమె మాటకి ఊళ్లో తిరుగులేదు. ఫోన్ చేసి పిలిచింది ఛాయ్-యునే. "మొహమాటపడకు తల్లీ. ఉన్నదున్నట్టు చెప్పు," అంది కుర్చీ జరుపుతూ.

కో మొదటి సంచి విప్పింది. అందులో అట్ట విసనకర్రలు. ఒక్కోదాని మీద ఒక్కో నాయకుడు పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు.

"ఎన్నికల్లో పంచినవి కదా బాబాయ్?"

"ఓడిపోయినవాళ్లవి మాత్రమే," అన్నాడు మూ-హువో, స్టూలు ముందుకి లాక్కుని. "గెలిచినవాడి బొమ్మ ప్రతి ఇంట్లోనూ దాచుకుంటారు. ఓడినవాడిది మర్నాడే పారేస్తారు. రేపు దొరకనిదేదో నువ్వే చెప్పు!"

కో ఒకటి అటూ ఇటూ తిప్పి చూసింది. "దొరకదు బాబాయ్. అడిగేవాడూ దొరకడు."

"అలా పెట్టు గడ్డి!" అని ఛాయ్-యున్ పకపకా నవ్వింది.

రెండో సంచి నిండా టీలో సగ్గుబియ్యం ఉండలు పీల్చుకునే లావుపాటి ప్లాస్టిక్ గొట్టాలు. "ఇప్పుడు అన్ని కొట్లలోనూ కాగితం గొట్టాలే. ఇవిక చూద్దామన్నా ఉండవు," అన్నాడు మూ-హువో. ఈసారి గొంతు కాస్త తగ్గింది.

"ఎంగిలివి కూడా ఉన్నట్టున్నాయే?"

"కడిగాను."

"కడిగినా ఎంగిలి ఎంగిలే."

మూడో సంచిలో విందుల్లో బల్లల మీద పెట్టే చిట్టి గాజు గ్లాసులు. కో నాలుగైదు తీసి పక్కన పెట్టేసి, మిగతావి చూడను కూడా లేదు. "అంచులు విరిగాయి. ఇవీ చెత్తే."

 ఆమె పక్కన పెట్టేసిన గ్లాసుల్ని మూ-హువో ఒక్కొక్కటీ తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ సంచిలో పెట్టుకుంటున్నాడు. అది చూశాక ఛాయ్-యున్‌కి నవ్వు రాలేదు.

"మిగతావి విప్పక్కర్లేదు పిన్నీ," కో చేతులు దులుపుకుంది. "పనీపాటా లేని మనిషి పోగేసిన సరుకు. తూకానికి కూడా రాదు."

"ఏమన్నావ్?"

ఛాయ్-యున్ లేచి నిలబడింది.

"పనీపాటా లేని మనిషా? ఇదిగో, ఈ విసనకర్ర చూడు. తుఫానుకి మూడ్రోజులు కరెంటు పోతే, జ్వరంతో పడున్న నాకు దీంతోనే విసిరాడు. ఒక చెయ్యి నొప్పెడితే ఇంకో చేత్తో! ఈ గ్లాసు మా చిన్నదాని పెళ్లి విందులోది. ఎవరూ చూడట్లేదనుకుని జేబులో వేసుకున్నాడు, నేను చూశాను. దీనికా నువ్వు వెల కట్టేది?"

"మీరే కదా పిన్నీ ఉన్నదున్నట్టు..."

"ఇరవై ఏళ్లాగు! నువ్వే వచ్చి మా గుమ్మంలో నిలబడి బతిమాలతావ్. అప్పుడు ఒక్క గొట్టం ఇస్తానేమో చూడు!"

వీధి మొదట్లో చెత్తబండి పాట మొదలైంది. ఇరుగుపొరుగంతా సంచులు పట్టుకుని బయటికొచ్చారు. ఛాయ్-యున్ కూడా ఒక సంచి ఎత్తింది. మూ-హువో కళ్లు మూసుకున్నాడు. కానీ ఆమె వీధి వైపు కాదు, మెట్ల వైపు నడిచింది.

"మేడ మీద కుట్టుమిషను గది ఖాళీ చేస్తాను. ఇకనుంచి అది నీ సామానుకే. ఎవరొచ్చి ఏమంటారో చూస్తా!"

కో బిక్కమొహం వేసుకుని బయటికి నడిచింది. సాగనంపడానికి మూ-హువో ఆమె వెంటే వెళ్లాడు.

రెండు సంచులు మేడెక్కించేసరికి ఛాయ్-యున్ కోపం కాస్తా చల్లారింది. ఇంటికొచ్చిన పిల్ల. మంచినీళ్లయినా ఇవ్వకుండా తరిమేసింది. మనసొప్పక నాలుగు జామకాయలు సంచిలో వేసుకుని, గబగబా సందు చివరికి నడిచింది. మలుపు దగ్గర ఇద్దరి మాటలూ వినబడి, గోడ పక్కనే ఆగిపోయింది.

"పిన్ని నిజంగానే కొట్టేస్తుందనుకున్నా బాబాయ్!" కో నవ్వు ఆపుకోలేకపోతోంది. "నిన్న ఫోన్లో మీరు అనమన్న మాటలన్నీ అన్నట్టేనా? ఏదైనా మర్చిపోయానా?"

"బ్రహ్మాండంగా అన్నావు తల్లీ," అన్నాడు మూ-హువో. "వచ్చే ఏడు ఇంకాస్త గట్టిగా తిట్టు. బాల్కనీ కూడా కావాలి నాకు."