కాగితం మీద వచ్చే కబురు

ఆ రోజులకి కంపెనీలన్నీ కాగితం మానేశాయి. బిల్లయినా, నోటీసయినా, ఒప్పందమయినా యంత్రమే రాసి, ఎవరి ఫోన్లో వాళ్లకి చదివి వినిపించేది. చావు కబురు ఒక్కటే అచ్చువేసి, ఇంటి గుమ్మంలో మనిషి చేత్తో ఇవ్వాలని చట్టం. విశాఖలో ఒక ఓడల కంపెనీకి ఆ పని చేసేది పైడితల్లి, ఆమెకి తోడు, ఆమెని అప్పా అని అక్క వరసలో పిలిచే దాలినాయుడు. పదకొండేళ్లలో ఆమె ఎక్కని గుమ్మం లేదు.

ఆ ఉదయం ప్రింటరులోంచి వచ్చిన ఉత్తరం తీసుకుని, ఎక్కడికి వెళ్లాలా అని చిరునామా చూసింది. అది తన ఇల్లే. పేరు తనదే. భర్త సూరప్పడు ఓడెక్కి నాలుగు నెలలయింది.

దాలినాయుడు ఆ కాగితాన్ని ఆమె వేళ్లలోంచి మెల్లగా విడిపించాడు.

"ఇక్కడ సదవకప్పా. నువ్వు ఇంటికెల్లు. నాను ఎనకాలే వస్తాను."

ఆమె ఇంటికి వెళ్లి, లోపల గడియ పెట్టుకుంది. కాసేపటికి అతడు వచ్చి తలుపు తట్టాడు.

"అప్పా, నానే."

"కొంచెం ఆగరా నాయుడూ," తలుపుకి అవతల నుంచి గొంతు వినిపించింది. "అది నా సేతికి అందేదాకా మీ బావ బతికున్నట్టే గదా."

అతడు మళ్లీ తట్టలేదు. ఉత్తరం ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. ఎండ గోడ దిగి వీధిలోకి జారిపోయింది. దీపాల వేళకి గడియ చప్పుడయింది.

"ఇయ్యరా," అంటూ పైడితల్లి రెండు చేతులూ చాచింది.