తోడుగా వెళ్లినవాడు

“నా కాళ్లు వణుకుతున్నాయి డెంజిల్. ముందు నువ్వెళ్లవా?” అంది ఆర్వెలా.

ఇనుప సామాన్ల కొట్టు ముందు ఊపిరితిత్తుల స్కానింగ్ బస్సు ఆగి ఉంది. డెంజిల్ స్టాంపర్ నలభై ఏళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. అయినా ఈ బస్సు వెస్ట్ వర్జీనియాలోని తమ ఊరికి వచ్చినప్పుడల్లా పక్క వీధిలోంచి తప్పుకుని వెళ్లేవాడు. అతని అన్న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోనే పోయాడు. బయటపడేసరికే చెయ్యి దాటిపోయింది. తను కూడా ముప్పై ఏళ్లు రోజుకో సిగరెట్ పెట్టె తగలేసి, ఎనిమిదేళ్ల క్రితమే మానేశాడు.

“నేను నీకు తోడొచ్చానంతే. నాకేం, దగ్గా, ఆయాసమా? అయినా నువ్వు సిగరెట్లు కాల్చేదానివని నాకు తెలియనే తెలియదు.”

“ముప్పై ఏళ్లు! ఊరంతా చాటుకుంటామా ఏమిటి? ఏ బాధా లేనప్పుడే చూపించుకోవాలట. చిన్నగా ఉండగా దొరికితే తీసి పారేస్తారట. కానీ నా వల్ల కాదు బాబూ, ఇంటికి పోదాం పద.”

ఆమె నిజంగానే కారు వైపు నడిచింది. గురువారాలు బౌలింగ్ జట్టులో అతను దొర్లించిన బంతి కొయ్యలకు తగలకుండా పోతే పడీపడీ నవ్వేది ఆమే. ఆ నవ్వు వినబడని గురువారం ఎలా ఉంటుందో తలుచుకోగానే డెంజిల్ ఆమె వెనకే పరుగెత్తాడు.

“ఆగు మహాతల్లీ! నేనెళ్లి చూపిస్తా. చిన్నపిల్లలా ఏమిటా వణుకు?”

నర్సు అతని వయసూ, కాల్చిన సిగరెట్ల సంగతీ రాసుకుని బల్ల మీద పడుకోమంది. చేతులు పైకెత్తి ఊపిరి బిగపట్టమంది. అతను దేవుడికి దణ్ణం పెట్టుకోవడం పూర్తికాకముందే లేవమంది.

“సూది కూడా లేదు!” అన్నాడు, బస్సు దిగుతూ. “స్కూలు పిల్లల్ని కూర్చోబెట్టడమే ఇంతకంటే కష్టం. వెళ్లు, వెళ్లు.”

ఆర్వెలా లోపలికి వెళ్లి, రెండు నిమిషాల్లో నవ్వుతూ దిగింది.

“అప్పుడే అయిపోయిందా?”

“నీ అంత విస్తీర్ణం ఉందా నాకు?”

వారం తిరిగేసరికి డెంజిల్‌కి ఫోను వచ్చింది. కుడి ఊపిరితిత్తిలో బఠానీ గింజంత మచ్చ ఉందన్నారు. మళ్లీ పరీక్షలు చేసి క్యాన్సరేనని తేల్చారు. మొదటి దశ. “నాకేమీ లేదు, నీకూ ఏమీ కాదు” అంటూ ఆర్వెలా ఆసుపత్రిలో అతని మంచం పక్కనుంచి కదల్లేదు. అతను దిగులు పడితే తిట్టింది, తిండి మానేస్తే ఇంకా తిట్టింది.

ఆపరేషన్ చేసి ఆ ముక్క తీసేశారు. “సరైన సమయానికి వచ్చారు” అన్నాడు డాక్టరు.

ఆ తర్వాతి జూన్‌లో వాళ్ల పెళ్లయింది. విందు బౌలింగ్ హాల్లోనే. జట్టు జట్టంతా వచ్చింది. డెంజిల్ గ్లాసు పట్టుకుని లేచాడు.

“నా పెళ్లాం ముప్పై ఏళ్లు కాల్చిన సిగరెట్లకు నమస్కారం! ఆమెకు ధైర్యం చెప్పబోయి నేను బతికి బయటపడ్డాను.”

హాలంతా గొల్లుమంది. ఆర్వెలా తల వంచుకుని కేకు కోయడంలో పడింది. ఆమె అక్క నెటీ మాత్రం తెల్లబోయి డెంజిల్ వైపు చూసింది.

“మా చెల్లెలు జన్మలో సిగరెట్టు ముట్టలేదే!”