పొట్లకాయకు తాళంకప్ప

ఫాల్గుణం వచ్చిందంటే విజయవాడలో ప్రతి బాల్కనీలోనూ తోటమర పనిలోకి దిగుతుంది. విత్తనాలు నాటడం, పందిరి అల్లడం, పురుగు ఏరడం, అన్నీ అదే చూసుకుంటుంది. పద్నాలుగో అంతస్తులో ఉండే తాయారమ్మకు మిగిలిన పని ఒక్కటే. పొట్లపిందె మెలికలు తిరగకుండా కొసకు బరువు కట్టడం.

అత్తగారైతే రాయి కట్టేది. అంత ఎత్తున రాయెక్కడిది? తలుపులు మొహం చూసి తెరుచుకోవడం మొదలయ్యాక మూలపడిన తాళంకప్ప ఒకటి తెచ్చి కట్టింది. తెల్లారేసరికి మర దాన్ని విప్పి చెత్తబుట్టలో పడేసింది.

"నా చెయ్యి పడితే తప్పా నీకు? ఈసారి ముట్టుకో చెప్తా!" అని మళ్లీ కట్టింది. మర మళ్లీ విప్పింది. ఇక తాయారమ్మ పంతం పట్టి, పిందె కాయయ్యేదాకా రోజూ పందిరి కిందే కుర్చీ వేసుకుని కాపలా కాసింది. కాయ బాణంలా సూటిగా దిగింది. మర తన గాజుకన్నుతో దాన్ని పైనుంచి కిందిదాకా చూసింది. మళ్లీ తాళం జోలికి రాలేదు.

ఊళ్లో మరలన్నీ ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకుంటాయి. వారం తిరక్కుండానే పక్కింటి హైమ వచ్చింది.

"పిన్నిగారూ, పాత తాళంకప్ప ఏదైనా ఉందాండీ? మా తోటమర పొద్దుట్నుంచీ దానికోసం ఇల్లంతా వెతుకుతోంది. ఎందుకో తెలీట్లేదు."

తాయారమ్మ బాల్కనీలోంచి తొంగిచూసింది. ఎదుటి మేడలో అంతస్తంతస్తునా పొట్లకాయల కొసన తాళంకప్పలు వేలాడుతున్నాయి. రాయైనా చాలని చెప్పబోయి, ఊరుకుంది.

"ఉందమ్మా," అంది కొంగు దోపుకుంటూ. "పద, ఎలా కట్టాలో మీ మరకు నేనే వచ్చి చూపిస్తా."