సింహాలు చూడ్డానికే

టైలరమ్మ సింహాలను చూడ్డానికి దేశం దాటి వెళ్తోందని వీధి వీధంతా చెప్పుకుంది.

బట్టలు కుట్టుకునే మనిషికి సముద్రం అవతల అడవిలో ఏం పని అని కొందరు మూతి విరిచారు. ఎలాగూ వెళ్తున్నావు, సింహానికో చొక్కా కుట్టి పట్టుకెళ్ళమని పక్కనున్న టీ కొట్టాయన నవ్వాడు. ఆమె కూడా నవ్వి ఊరుకుంది.

అసలు సంగతి కూతురికొక్కదానికే తెలుసు.

ఆ సింహాలుండే గడ్డిమైదానాల పార్కులో టైలరమ్మ తమ్ముడు జీపు డ్రైవరుగా పనిచేసేవాడు. ఒక వానాకాలం వాగు దాటబోతే జీపు కొట్టుకుపోయింది. మనిషి దక్కలేదనీ, అక్కడే మట్టి చేశామనీ కంపెనీవాళ్ళు ఫోన్లో చెప్పారు. అంతకుమించి ఒక్క ముక్క తెలియలేదు.

చివరి ఘడియలో వాడి పక్కన ఎవరైనా ఉన్నారా? ఏమైనా అన్నాడా? ఏళ్ళు గడిచినా ఈ ప్రశ్నలు ఆమెను కంటినిండా నిద్రపోనివ్వలేదు. అంత దూరం వద్దురా అంటే వినకుండా వెళ్ళాడు. కోపంలో, పోతే పో, మళ్ళీ నీ మొహం చూపించకు అంది. వాడు చూపించలేదు.

ట్రావెల్ ఆఫీసు మేనేజరు ప్రయాణం సంగతులన్నీ ఓపిగ్గా చెప్పాడు. వానలు తగ్గాకే వెళ్ళాలి, లేకపోతే దారులన్నీ బురదే. పార్కులో దించేది పిట్టంత విమానం, అందులో గట్టి పెట్టెలు ఒప్పుకోరు, మెత్తటి సంచులే. ముదురు నీలం బట్టలు వద్దు, ఆ రంగు కనబడితే అక్కడి ఈగలు కుట్టి చంపుతాయి. అన్నీ చెప్పి, చివరికి గొంతు తగ్గించాడు. మీరు వెళ్తున్నారని తెలిస్తే బ్రోకర్లు వెంటపడతారు, ఎవరితోనూ మాట కలపకండి అన్నాడు.

అందుకే ఆ మనిషి కొట్టు గుమ్మంలో నిలబడగానే టైలరమ్మ ముఖం ముడుచుకుంది.

బక్కపలచటి మనిషి. చర్మం ఎండకు కమిలిపోయి ఉంది. ఆయాసపడుతున్నాడు. మెషిను మీద ఆమె తన ప్రయాణానికి కుట్టుకుంటున్న మట్టిరంగు చొక్కాకేసి కాసేపు చూశాడు.

"ఆ పార్కుకి వెళ్తున్నారటగా అక్కా?"

"అవును. అయితే?"

"సింహాలు చూడ్డానికేనా?"

ఊరందరికీ చెప్పిన మాటే అతనికీ చెప్పింది.

"సింహాలు చూడ్డానికే. ఇంకెందుకు వెళ్తారు?"

ఏదో చెప్పబోయిన నోరు మూతపడింది. అతను తలూపి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఇంకోసారి వచ్చాడు. అప్పుడు కొట్టునిండా జనం. మీతో ఒక మాట చెప్పాలన్నాడు. చెప్పమంది. అతను చుట్టూ చూసి, ఇక్కడ కాదన్నాడు. నలుగురిలో చెప్పలేని బేరం నాకొద్దని ఆమె మొహం మీదే అనేసింది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు కిసుక్కుమన్నారు.

అతను బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం ఎండలో అలాగే చాలాసేపు ఉండిపోయాడు.

"అమ్మా, ఒక్కసారి వింటే మనదేం పోతుంది?" అంది కూతురు.

"నీకు తెలీదు. చనువిస్తే చంకెక్కే రకం."

మూడోసారి అతను రావడం కిటికీలోంచి చూసి, లేనని చెప్పమని కూతుర్ని పంపింది. కూతురు తల వంచుకుని ఆ మాటే చెప్పింది. లోపల మెషిను చప్పుడు మెట్లదాకా వినబడుతూనే ఉంది. అతను కాసేపు ఆ చప్పుడు విన్నాడు. అమ్మ వచ్చాక నేనొచ్చానని చెప్పమ్మా అని మెల్లగా మెట్లు దిగాడు.

మళ్ళీ రాలేదు. పీడ వదిలిందనుకుంది టైలరమ్మ.

ప్రయాణం రేపనగా టీ కొట్టాయన ఒక కబురు మోసుకొచ్చాడు. మీ మెట్ల మీద కూర్చునే ఆయన ఆసుపత్రిలో పోయాడట, నా అన్నవాళ్ళెవరూ రాలేదట అన్నాడు. అయ్యో పాపం అంది. ఎందుకో ఒక్క క్షణం మనసు చివుక్కుమంది. అంతలో సంచి జిప్పు పట్టలేదు. ఆ గొడవలో పడి మరిచిపోయింది.

పార్కులో సింహాలు కనబడ్డాయి. పొద దగ్గర పడుకున్న ఆడసింహం ఆవులిస్తే జీపులో అందరూ లేచి నిలబడ్డారు. టైలరమ్మ మాత్రం దూరంగా ఎండిపోయిన వాగుకేసి చూస్తూ కూర్చుంది. సాయంత్రం, తమ వెంట ఉన్న తెలుగు తెలిసిన గైడును పక్కకు పిలిచి, మొదటిసారి నిజం చెప్పింది.

గైడు ఆమెను ముసలి గేటు కాపలాదారు దగ్గరికి తీసుకెళ్ళాడు. కాపలాదారు గైడు చెప్పింది విని, గొడుగులా విచ్చుకున్న తుమ్మచెట్టు కిందికి నడిపించాడు. చిన్న మట్టిదిబ్బ. చుట్టూ పేర్చిన రాళ్ళు. ఒక్క పిచ్చిమొక్క లేదు.

టైలరమ్మ దిబ్బ మీద చెయ్యి ఆనించి కూర్చుంది. తలెత్తి కాపలాదారుని అడిగింది.

"వీడి పక్కన ఎవరైనా ఉన్నారా?"

కాపలాదారు చెబుతుంటే గైడు తెలుగు చేశాడు.

"ఉన్నాడు. మీ భాషవాడే. వరద తీసేదాకా మీ తమ్ముణ్ణి నీళ్ళలో పైకెత్తి పట్టుకున్నాడు. మీవాడు మాట్లాడుతూ మాట్లాడుతూనే పోయాడట. ఏం మాట్లాడాడో మాకెవరికీ చెప్పలేదు. అవి వాళ్ళక్కకి చెప్పాల్సిన మాటలు అనేవాడు. కాపాడలేకపోయాను, ఏ మొహం పెట్టుకుని వెళ్ళనూ అని ఏళ్ళ తరబడి కుమిలిపోయాడు. ఈ రాళ్ళు పేర్చింది కూడా ఆయనే."

టైలరమ్మ చివాలున లేచింది.

"ఎక్కడున్నాడాయన? నన్ను తీసుకెళ్ళండి."

కాపలాదారు ఆమెకేసి వింతగా చూశాడు.

"జబ్బు ముదిరి ఇక ఎన్నాళ్ళో బతకనని తెలిశాక, ఆ మాటలు మీకు అప్పజెప్పి పోతానని మీ ఊరే బయల్దేరాడు కదమ్మా, బక్కపలచటి మనిషి... మీ కొట్టుకి రాలేదా?"